కర్రకు తగిలించే పరికరమా, దారి చూపే సూట్‌కేసా?

చూపులేనివారు పట్టుకునే మామూలు తెల్లకర్ర నేలమీది గుంతను పసిగడుతుంది. ఆగివున్న లారీ వెనకభాగం, కిందికి వేలాడే కొమ్మ మాత్రం దానికి అందవు, తగిలేది నేరుగా తలకే. 2014లో ఐఐటీ ఢిల్లీ నుంచి వచ్చిన స్మార్ట్‌కేన్ ఆ లోటు తీర్చింది. కర్ర పిడికి తగిలిస్తే, చెవికి వినిపించని అల్ట్రాసోనిక్ శబ్ద తరంగాలతో 3 మీటర్ల వరకు అడ్డంకులను పట్టి, పిడిని వణికిస్తుంది. ఎటు తిరగాలో మనిషే తేల్చుకోవాలి.

14వ ఏట చూపు కోల్పోయిన జపాన్ శాస్త్రవేత్త చియెకో అసకావా ఆలోచనతో పుట్టిన ఏఐ సూట్‌కేస్ ఆ పనీ తనే చేస్తుంది. లేజర్ కిరణాలతో దూరాలు కొలిచే లైడార్‌తో పరిసరాలు చూస్తూ, జనాన్ని తప్పించుకుంటూ, మోటారు చక్రాలపై పట్టుకున్నవారిని నడిపిస్తుంది. విమానాశ్రయంలో నేనూ దానికే ఓటేస్తాను. మన వీధుల్లో మాత్రం కర్రకే. ఫుట్‌పాత్ తెగిపోయినచోట ఆ సూట్‌కేసును ఎత్తి మోయాల్సింది దాన్ని నమ్ముకున్న మనిషే కదా!