కిర్రుకిర్రు కారు: నాలుగేళ్లు పీయూ బుష్‌లు వాడాక

మా అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచి పైకొచ్చే ర్యాంపు చివర చిన్న స్పీడ్ బ్రేకర్ ఉంది. దాని మీదికి నా కారు ఎక్కితే చాలు, వాచ్‌మన్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే లేచి గేటు తీసేవాడు. హారన్ అక్కర్లేదు. పాత చెక్క తలుపు తీసినట్టు "కిర్ర్ర్" అని ఒక సాగదీసిన చప్పుడు, అంతే, ఐదో అంతస్తు సార్ ఆఫీసుకి బయల్దేరాడని అందరికీ తెలిసిపోయేది. పాలీయురేథేన్ (పీయూ, రబ్బరు కన్నా గట్టి ప్లాస్టిక్ రకం) బుష్‌లు వేయించుకుని నేను సంపాదించుకున్న పేరు అది.

కారు పేరు రాయడం లేదు, రాస్తే మాటంతా కారు మీదికి పోతుంది. 2013 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ముందు వైపు ఎల్ ఆకారంలో లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు కారుకి కలిపే ఇనుప చెయ్యి), ఒక్కోదానికి రెండేసి బుష్‌లు. ఇల్లు నిజాంపేట, ఆఫీసు గచ్చిబౌలి, నెలకోసారి సూర్యాపేట. బుష్ అంటే ఆ ఆర్మ్ కారుకి పట్టే చోట కుషన్‌లా ఉండే గుండ్రటి ముక్క, మామూలుగా రబ్బరుది.

పీయూకి వెళ్లింది రబ్బరు మీద కోపంతో. 2019లో లోయర్ ఆర్మ్ బుష్‌లు మార్పించాను, కంపెనీ సామానే, రాణిగంజ్‌లో బిల్లుతో సహా కొన్నది. తొమ్మిది నెలలకే గుంతలో పడ్డప్పుడల్లా ఎడమవైపు టక్ మనడం, బ్రేకు కొడితే స్టీరింగ్ ఒక పక్కకి లాగడం. మళ్లీ మార్పించా. మళ్లీ ఏడాది తిరక్కుండానే చిరిగింది. రెండోసారి మా మెకానిక్ రాడ్డు పెట్టి ఆర్మ్‌ని ఎత్తి చూపిస్తూ "ఖతం సార్, ఇప్పుడొచ్చే రబ్బర్ల దమ్ము లేదు" అన్నాడు. నేను నమ్మేశాను. మన రోడ్లకి రబ్బరు ఆగదని నాకు నేనే తీర్మానించుకుని, నాలుగు ఆర్మ్ బుష్‌లు, స్టెబిలైజర్ బార్‌కి (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) పట్టే రెండు బుష్‌లు పీయూవి తెప్పించి 2021 జనవరిలో వేయించాను. రబ్బరువైతే రెండు వేల లోపు అయిపోయేవి, ఇవి కస్టమ్స్‌తో కలిపి పదకొండు వేలు దాటాయి. ఇంట్లో ఐదు వేలని చెప్పాను.

మొదటి ఏడెనిమిది నెలలు కనిపించిన వాళ్లందరి దగ్గరా పొగిడాను. ఓఆర్ఆర్ మీద వందలో పోతూ లేన్ మారితే, అంతకుముందు స్టీరింగ్ తిప్పాక కారు ఒక క్షణం ఆలోచించుకుని గానీ కదిలేది కాదు, ఇప్పుడు చెయ్యి కదిలీ కదలకముందే ముక్కు తిరుగుతోంది. బ్రేకు గట్టిగా కొట్టినప్పుడు వచ్చే ఆ వణుకు పోయింది. ముందు టైర్ల లోపలి అంచు అరగడం ఆగింది. బావమరిది ఒక రౌండు వేసొచ్చి "బావా, కొత్త కారులా ఉంది" అని వాడూ తెప్పించుకున్నాడు.

అయితే ఒకటి. అదే రోజు ముందు టైర్లు రెండూ కొత్తవి వేయించాను, స్టెబిలైజర్ బార్ చివర్లకి పట్టే లింక్ రాడ్లు మార్పించాను, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించాను. పైగా అప్పటిదాకా నేను నడిపింది చిరిగిన రబ్బరు మీద. దాని పక్కన ఏది పెట్టినా బాగానే ఉంటుంది కదా. ఆ పొగడ్తలో పీయూ వాటా సగమో ముప్పావో, ఇప్పుడైతే గట్టిగా చెప్పలేను.

చప్పుడు మొదలైంది ఆ ఏడు దసరాకి. సూర్యాపేట నుంచి అత్తయ్యనీ మామయ్యనీ తీసుకొస్తున్నాం, పంతంగి టోల్ దగ్గర వరస గీతల మీద కారు నెమ్మదించేసరికి ముందు నుంచి కిర్రు కిర్రు కిర్రు. అత్తయ్య నన్ను అనరు కదా, మా ఆవిడ వైపు తిరిగి "ఏందే, కారుల నులకమంచం ఏమన్న పెట్టిన్రా?" అన్నారు. ఇంటికి చేరేదాకా మామయ్య నవ్వుతూనే ఉన్నారు. నేను ఏసీ శబ్దం పెంచాను.

ఆ తర్వాత నాలుగు నెలలు దీనికోసం నేను పడ్డ తిప్పలు చెబితే నవ్వుతారు. ముందు షాక్ అబ్జార్బర్ల పైన ఉండే స్ట్రట్ మౌంట్లు మార్పించాను, అవి కాదు. మంచి లింక్ రాడ్లు తీసి కొత్తవి వేయించాను, అవీ కాదు. ఏదో స్ప్రే కొడితే రెండు రోజులు ఊరుకునేది, మళ్లీ మామూలే. విచిత్రం ఏమిటంటే వాన పడితే నోరు మూసుకునేది. అది కనిపెట్టాక, ఇంటికి చుట్టాలొచ్చిన రోజుల్లో బయల్దేరే ముందు సెల్లార్‌లో వంగి రెండు ముందు చక్రాల వెనక్కి చెరో సీసా నీళ్లు కొట్టేవాణ్ని. తడి ఆరేదాకా, అంటే దాదాపు కూకట్‌పల్లి దాకా, కారులో మర్యాదగా ఉండేది. తడిస్తే ఆగుతోందంటే రెండు పొడి తలాలు ఒకదానికొకటి రాసుకుంటున్నాయని అప్పుడే తట్టాలి. తట్టలేదు.

తట్టింది ఫిబ్రవరిలో, పొల్యూషన్ కాగితం కోసం డ్యాష్‌బోర్డు అర గెలుకుతుంటే. ఇన్సూరెన్స్ కవరు అడుగున రెండు చిన్న ప్యాకెట్లు, షాంపూ సాషేల్లాగా, మూతి కూడా చింపకుండా. పీయూ సెట్టుతో వచ్చిన గ్రీజు. బిగించిన రోజు మెకానిక్ దాన్ని పక్కన పెట్టి, డబ్బాలో ఉన్న మామూలు పసుపుపచ్చ గ్రీజు పూసి, ప్యాకెట్లు "సార్ సామాను" కదా అని జాగ్రత్తగా అరలో పెట్టాడు. నేను అక్కడే టీ తాగుతూ నిలబడ్డాను.

రబ్బరు బుష్‌లో ఏదీ జారదు. లోపలి ఇనుప గొట్టానికీ బయటిదానికీ మధ్య రబ్బరు అంటుకుపోయి ఉంటుంది, చక్రం పైకీ కిందికీ ఆడితే రబ్బరే మెలి తిరిగి మళ్లీ సర్దుకుంటుంది. నేను వేయించిన పీయూలో అలా కాదు, లోపలి గొట్టం పీయూలో నిజంగానే తిరుగుతుంది. అందుకే అక్కడ సిలికాన్ రకం జిగట గ్రీజు ఉండి తీరాలి, మామూలు గ్రీజు నీళ్లకి కొట్టుకుపోతుంది. విప్పి చూస్తే గొట్టం పొడిగా, మెరుస్తూ, సన్నని గీతలతో ఉంది, మిగిలిన గ్రీజు దుమ్ముతో కలిసి కాటుకలా ఒక మూలకి చేరింది. సాషేలోది వేలికి తీసుకుని చూశాను, తుమ్మజిగురులా తీగలు సాగుతోంది, సబ్బుతో కడిగినా ఒక పట్టాన పోదు. అది పెట్టాక ర్యాంపు ఎక్కితే చప్పుడు లేదు. ఆ రోజు వాచ్‌మన్ గేటు తీయలేదు, హారన్ కొట్టాల్సి వచ్చింది.

కథ అక్కడితో అయిపోతే ఈ సమీక్ష వేరేలా ఉండేది. పది నెలలు ప్రశాంతంగా గడిచాయి, వానాకాలం పోయి చలి మొదలయ్యాక మళ్లీ కిర్రు. అంటే ఏటా ఒకసారి విప్పాలి, గ్రీజు పెట్టాలి, బిగించాలి, అలైన్‌మెంట్ చూపించుకోవాలి. పదిహేను వందలు, పైగా ఒక శనివారం. చేతిపని వచ్చినవాళ్లకి ఇది సరదాగానే ఉంటుందేమో, నాకు రెండో ఏడుకే విసుగొచ్చింది.

చివరికి నన్ను కదిలించింది చప్పుడు కాదు, నాన్న నడుము. 2024 వేసవిలో ఎయిర్‌పోర్టు పని మీద వరసగా రెండు రోజులు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద తిరిగాం. ఆ పదకొండు కిలోమీటర్ల పైచిలుకు వంతెన మీద జాయింటు వచ్చిన ప్రతిసారీ ముందు నుంచి ధన్, ధన్ అని నేరుగా సీటులోకి తన్నేది. నాన్న ఏమీ అనలేదు. రెండో రోజు కారెక్కేటప్పుడు మాత్రం ఇంట్లోంచి దిండు తెచ్చుకున్నారు.

ఆ దెబ్బ ఎక్కువగా వచ్చేది ఆర్మ్ వెనక బుష్ నుంచి. చక్రం దేనికైనా కొట్టుకున్నప్పుడు కాస్త వెనక్కి జరిగి ఆ పోటు మింగేయాలనే అక్కడి రబ్బరులో కావాలని ఖాళీలు వదులుతారు. నేను ఆ ఖాళీల బదులు గట్టి ముద్ద పెట్టించాను. ముందు బుష్ సంగతి వేరు, దాని పని ఎక్కువగా తిరగడమే, అక్కడ పీయూ అంత ఇబ్బంది పెట్టదు. సరే, ఆర్మ్ వెనకవీ స్టెబిలైజర్‌వీ మాత్రం మళ్లీ రబ్బరుకి మార్చేద్దామని జూలైలో ఆర్మ్‌లు విప్పించి బాలానగర్‌లో బుష్‌లు నొక్కి ఎక్కించే ప్రెస్ ఉన్న ఒక లేత్ షాపుకి పట్టుకెళ్లాను.

కొత్త బుష్‌ల సైజు సరిచూడ్డానికి 2020లో చిరిగిన పాతవి కూడా సంచిలో వేసుకెళ్లా. (మా ఇంట్లో ఏదీ పారేయరు.) షాపు పెద్దాయన పాతదాన్ని చేతిలోకి తీసుకుని, అద్దాలు నుదుటి మీదికి తోసి, చాలాసేపు తిప్పి చూశాడు. చిరుగు మొత్తం ఒకే దిశలో, ఏటవాలుగా, గుడ్డ పిండుతుంటే పిగిలినట్టు ఉంది. మిగతా రబ్బరు మాత్రం మెత్తగా, నల్లగా, దాదాపు కొత్తదే.

"దీన్ని ఎక్కడ బిగించిన్రు బాబూ?"

గ్యారేజీ గురించి అడుగుతున్నాడనుకుని ఏరియా పేరు చెప్పాను.

"అది కాదు, బండి కింద ఉన్నప్పుడా, జాకీ మీద ఉన్నప్పుడా?"

జాకీ మీదే. చక్రాలు గాలిలో వేలాడుతుండగానే నట్లు పూర్తిగా బిగించేశారు, రెండుసార్లూ. "ఇది అరగలే, మెలిపెట్టి చంపిన్రు" అని దాన్ని నా చేతిలో పెట్టాడు.

ఆర్మ్ కిందికి వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు అదే తన మామూలు చోటు అనుకుంటుంది. కారు కిందికి దించగానే మెలి పడుతుంది, సెల్లార్‌లో ఊరికే నిలబెట్టిన రాత్రంతా కూడా ఆ మెలిలోనే ఉంటుంది, దాని మీద మన గుంతలు. ఏడాది ఆగడమే గొప్ప. అదే పీయూని ఎలా బిగించినా పట్టింపు లేదు, లోపలి గొట్టం తిరుగుతుంది కాబట్టి. అంటే మెకానిక్ చేసిన ఒకే తప్పుకి రబ్బరు చచ్చింది, పీయూ బతికింది, నేను దాన్ని చూసి పీయూ గొప్పదని పదకొండు వేలు పెట్టి నమ్మాను. రోడ్లనీ తిట్టాను, కంపెనీనీ తిట్టాను, రబ్బరు పండించే రైతుల్ని ఒక్కరినే తిట్టలేదు.

ఈసారి నట్లు చేత్తో పట్టేంతవరకే బిగించి, కారుని అలైన్‌మెంట్ ర్యాంపు ఎక్కించి, నాలుగు చక్రాల మీద బరువు పడ్డాక కింది నుంచి పూర్తిగా బిగించారు. నేను టీకి వెళ్లకుండా పక్కనే నిలబడ్డాను. అలైన్‌మెంట్ కుర్రాడికి కొంచెం చిరాకేసింది, యాభై రూపాయలు ఎక్కువిచ్చాను. అప్పటినుంచి పంతొమ్మిది వేల కిలోమీటర్లు తిరిగింది, మొన్న ర్యాంపు మీద టార్చి వేసి చూస్తే రబ్బరు మీద గీత కూడా లేదు. స్టీరింగ్‌లో ఆ పదును కొంత తగ్గిన మాట నిజమే, మొదటి వారం వెలితిగా అనిపించింది. నాన్న దిండు ఇంట్లోనే ఉంటోంది.

నా పరిస్థితికి ఇది కుదిరింది: వెనక బుష్‌లు, స్టెబిలైజర్‌వి రబ్బరు, ఆర్మ్ ముందువి ఇంకా పీయూనే. బావమరిదిది మాత్రం మొత్తం పీయూనే, మూడేళ్లు దాటినా కిర్రు లేదు, వాడికి మొదటి రోజే సరైన గ్రీజు పడింది, వాడు ఒంటరిగా హైవే మీద తిరిగేవాడు, వెనక సీట్లో పెద్దవాళ్లు ఉండరు. కార్నర్లలో కారు నిలబడటం ముఖ్యం, ఏటా ఒకసారి విప్పే ఓపిక ఉంది అనుకుంటే వాడిని అడగండి, నన్ను కాదు. కొనేటప్పుడు మాత్రం రంగు చూసి గట్టిదనం లెక్కేయొద్దు, షోర్ ఏ నంబరు (గట్టిదనం కొలత) అడగండి. పాలిస్టర్ రకమా పాలీఈథర్ రకమా అన్నది కూడా అడగండి, మొదటిది తడిలో మెల్లగా చెడుతుంది. రబ్బరు పోయిందని పీయూకి వెళ్తున్నవాళ్లయితే ముందు ఆ పాత బుష్‌ని చేతిలోకి తీసుకుని చిరుగు ఎటుందో చూడండి.

ఈ వారం వాన లేదు. నిన్న పొద్దున ర్యాంపు మీద ఎడమవైపు ముందు బుష్ సన్నగా ఒకసారి కిర్రుమంది, వాచ్‌మన్ తల ఎత్తి చూశాడు. సాషే ఒకటి ఇంకా డ్యాష్‌బోర్డు అరలో ఉంది, ఆదివారం విప్పించాలి.