కడపలో ఆహార రుగ్మతల సహాయ కూటం: ప్రార్థన ఉంది, ఉపవాసం లేదు

కడపలోని ఒక క్రైస్తవ సంఘం ఆవరణలో వారానికొకసారి జరిగే ఈ కూటం అనొరెక్సియా (బరువు పెరుగుతామన్న భయంతో తిండి మానేయడం), బులీమియా (అతిగా తిని వాంతి చేసుకోవడం వంటివి) లాంటి ఆహార రుగ్మతల నుంచి కోలుకుంటున్నవారికోసం, వారి ఇంటివారికోసం ఏర్పాటైంది. నిర్వాహకులు ప్రచారం కోరుకోనందున పేరు రాయడం లేదు. రుసుము లేదు. క్రైస్తవులు కానివారూ రావచ్చు గాని పాటలు, ప్రార్థన, వాక్యం తప్పవు. మా అక్క కూతురికి తోడుగా కొన్ని నెలలు వెళ్లి చూసిన మీదట ఈ అభిప్రాయం రాస్తున్నాను.

అన్నిటికంటే మెచ్చదగినది ఉపవాసం విషయంలో వారు పెట్టుకున్న నియమం. మన సంఘాలలో ఉపవాస ప్రార్థనలు, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు నలభై రోజుల నిష్ఠ భక్తికి కొలతగా చెల్లుతాయి. అన్నం మానిపించే జబ్బుకు ఇంతకంటే గౌరవమైన ముసుగు దొరకదు. తినని పిల్లను భక్తురాలని అందరూ మెచ్చుకుంటూ ఉంటే ఆమె జబ్బు ఎవరి కంటపడుతుంది? ఇక్కడ మాత్రం చేరిన రోజే, కోలుకునేవరకు ఉపవాసం వద్దని, మనసు ఒప్పకపోతే ఆ రోజుల్లో ఫోను మానుకొమ్మని చెబుతారు. ఇందుకు వారు చదివించే భాగం మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం: చావు కోరుకుని బదరీవృక్షం కింద పడుకున్న ఏలీయాకు దేవదూత రెండుసార్లు లేపి భోజనమే పెట్టాడు, మందలించలేదు. దేహం పరిశుద్ధాత్మకు ఆలయమన్న మాటతో ఇక్కడ ఎవరినీ గద్దించరు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయంలో ఆ మాట వచ్చింది జారత్వాన్ని గురించి గాని పళ్లెంలోని అన్నాన్ని గురించి కాదు కదా.

వైద్యుణ్ని చూడనివారిని ముందు ఆసుపత్రికి పంపుతారు. పదేపదే వాంతి చేసుకునేవారికి రక్తంలో పొటాషియం తగ్గి గుండె లయ తప్పవచ్చు; చాలాకాలం పస్తులున్నవారు ఒక్కసారిగా ఎక్కువ తింటే రక్తంలో ఫాస్ఫేట్ అనే లవణం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ప్రేమకొద్దీ సంగటి ముద్ద మీద ముద్ద వడ్డించే పెద్దవారికి ఈ సంగతి విడమరచి చెప్పడం బాగుంది. క్రైస్తవ మిషన్ ఆసుపత్రులైన జమ్మలమడుగు క్యాంప్‌బెల్‌నూ వేలూరు సీఎంసీనీ ఎరిగిన జిల్లావారికి మందూ ప్రార్థనా పక్కపక్కన నడవడం వింతేమీ కాదు.

కూటం ముగిశాక అందరూ కలిసి ఉగ్గాని తింటారు. ఎవరి పళ్లెంలో ఎంత మిగిలిందో ఎవరూ ఎత్తిచూపరు. మా అమ్మాయికి వాక్యం కంటే ఇదే ఎక్కువ మేలు చేసిందని నా అనుమానం.

లోపాలు రెండు ఉన్నాయి. సాక్ష్యం చెప్పేవారు ఎన్ని కిలోలకు దిగిపోయారో అంకెలతో సహా చెబుతుంటే ఆపేవారు లేరు; ఆ జబ్బుతో ఉన్న పిల్లలకు అవి హెచ్చరికగా వినపడవు, పోటీగా వినపడతాయి. పాస్టరమ్మగారికి చెబితే శ్రద్ధగా విన్నారు గాని మార్పు ఇంకా కనబడలేదు. ఇంతకంటే పెద్దది రెండోది. అదుపు తప్పి అతిగా తినే బింజ్ ఈటింగ్‌ను 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 (మానసిక రుగ్మతల నిర్ధారణకు అమెరికా మానసిక వైద్యుల సంఘం వెలువరించే గ్రంథం) ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. అయినా ఆ బాధతో వచ్చినవారికి ఇక్కడ దొరికేది ఆశానిగ్రహం మీద ప్రసంగమే. సిగ్గుతో వచ్చినవారు మరింత సిగ్గుతో వెళ్లడం చూశాను.

కాబట్టి చికిత్సలో ఉండి, అన్నం ముందు ఒంటరిగా కూర్చోలేని అమ్మాయిలకు, వారి తల్లులకు దీన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. అతిగా తినే సమస్య ఉన్నవారు మాత్రం నేరుగా మానసిక వైద్యుణ్ని కలవడమో, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోను చేయడమో మంచిది.