షుగర్ గ్లైడర్ గోళ్లు: కట్టరా, శాండ్‌పేపర్ చక్రమా, డాక్టరా? ఏది మేలు?

మొదటి నెల ముగిసేసరికి నా మెడ మీద ఎన్ని గీతలు పడ్డాయంటే, ఆఫీసులో ఒకాయన పక్కకు పిలిచి "ఇంట్లో అంతా బాగానే ఉందా?" అని అడిగారు. బాగానే ఉంది. ఉన్నదల్లా రెండు షుగర్ గ్లైడర్లు, అంటే గాల్లో తేలుతూ దూకే, అరచేతిలో పట్టేంత చిన్న జంతువులు, వాటికి 36 గోళ్లు.

మేముండేది డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో. టెక్సస్‌లో వీటిని పెంచుకోవచ్చు. కాలిఫోర్నియాలో కుదరదు, అక్కడ చట్టం ఒప్పుకోదు. అక్కడి బే ఏరియాలో ఉద్యోగం వస్తుందేమో అనుకునేవాళ్లు కొనేముందే ఈ సంగతి చూసుకోవాలి, ఎందుకంటే ఇవి పది పన్నెండేళ్లు బతుకుతాయి. మగదాని పేరు కాజా, ఆడదాని పేరు జిలేబి. మా ఆవిడది తాపేశ్వరం దగ్గరి ఊరు, కాబట్టి వేరే పేర్లు చర్చకే రాలేదు.

గోళ్ల గొడవ ఎక్కడ మొదలవుతుందో ముందు చెబుతాను. ఆస్ట్రేలియా, న్యూగినీ అడవుల్లో ఇవి ఒక చెట్టు మీంచి దూకి, చేతి చిటికెన వేలి నుంచి కాలి బొటనవేలి దాకా ఉన్న పల్చటి చర్మాన్ని చాపి, గాల్లో తేలుతూ ఇంకో చెట్టు బెరడు మీద వాలతాయి. వాలగానే పట్టు దొరకాలి, అందుకే ఆ గోళ్లు కొక్కేల్లా వంగి సూదుల్లా ఉంటాయి. అడవిలో బెరడుకి రాసుకుని వాటంతటవే అరుగుతాయి. అపార్ట్‌మెంట్‌లో బెరడు లేదు, నా మెడ ఉంది. గోరు పెరిగితే నష్టం మనకంటే దానికే ఎక్కువ. అవి పడుకునే సంచి గుడ్డలోనో కర్టెన్‌లోనో చిక్కుకుని, గుంజుకునే హడావుడిలో వేలు విరగ్గొట్టుకోవచ్చు. గుడ్డ మీద నడుస్తూ ప్రతి అడుక్కీ కాలు పీక్కుంటోందంటే కత్తిరించే టైమ్ వచ్చినట్టే. మా ఇంట్లో అది మూడు వారాలకోసారి వస్తుంది.

అందరూ మొదట ఆలోచించేది కట్టర్. మేమూ అంతే. యూట్యూబ్‌లో చూసినప్పుడు రెండు నిమిషాల పని. మేం చేసిన మొదటి తప్పు, స్నానం చేసి తుడుచుకునే టర్కీ టవల్‌లో కాజాని చుట్టడం. ఆ టవల్ నిండా చిన్న చిన్న దారపు ఉచ్చులుంటాయి కదా, పది గోళ్లూ పది ఉచ్చుల్లో ఇరుక్కున్నాయి. అది అరవడం మొదలుపెట్టింది. మిక్సీలో పొడి మినప్పప్పు వేసి ఆపి ఆపి తిప్పితే ఎలా ఉంటుందో ఆ అరుపు అచ్చం అలాగే ఉంటుంది. వంద గ్రాముల పైచిలుకు ప్రాణి, ఒక మోస్తరు టమాటా అంత, దాన్లోంచి అంత చప్పుడు. నేను టవల్ వదిలేశాను. అది టవల్‌తో సహా సోఫా కిందికి పోయింది. మా ఆవిడ కత్తెర పట్టుకుని, ఒక్కో దారం కోస్తూ, అరగంట నేల మీద పడుకుంది. ఆ రాత్రి ఒక్క గోరూ కత్తిరించలేదు.

టర్కీ టవల్ బదులు ఫ్లీస్ గుడ్డ వాడాలి. దాని మీద ఉచ్చులుండవు. ఇప్పుడు మేం చేసేదేమిటంటే, మధ్యాహ్నం అవి గాఢంగా నిద్రపోయే వేళ చూసుకుని, పడుకునే సంచితో సహా ఒళ్లో పెట్టుకుంటాం. సంచి పైనుంచే వేళ్లతో తడిమి తల ఎటుందో, కాళ్లు ఎటున్నాయో చూసుకుని, ఒక్క కాలు మాత్రం బయటికి తీస్తాం. తలకాయ చీకట్లోనే ఉంటుంది కాబట్టి దానికి పెద్ద బెంగ ఉండదు. ఒకరు పట్టుకుంటారు, ఒకరు కత్తిరిస్తారు. గోరు కొనకు ఫోన్ లైటు వెనకనుంచి పడితే లోపల గులాబీ రంగు గీత కనిపిస్తుంది. రక్తం తిరిగేది అందులోనే. దానికి ఇవతల వంపు తిరిగిన కొన, గోధుమ నూక గింజలో సగం అంత, అదొక్కటే తియ్యాలి. కట్టర్ కూడా పెద్దవాళ్లది పనికిరాదు, పసిపిల్లలకు వాడేదే కావాలి.

ఇంకో విషయం, వెనక కాళ్లను దగ్గరగా చూస్తే గానీ తెలియదు. బొటనవేలికి అసలు గోరే ఉండదు. దాని పక్కన రెండు వేళ్లు సగం దాకా అతుక్కుని ఒకే వేలిలా కనిపిస్తాయి, వాటికి మాత్రం రెండు చిన్న గోళ్లుంటాయి. అది దాని దువ్వెన. వెనక్కి తిరిగి బొచ్చు దువ్వుకునేది దానితోనే. ఆ రెండూ ముట్టుకోవద్దు. ఒక్కోదానికి 18 గోళ్లలో మనం కత్తిరించాల్సినవి 14.

ఆ 14 గోళ్లూ ఒక్క సిట్టింగ్‌లో పూర్తి చెయ్యాలనుకోవడం మా రెండో తప్పు. ఏడో గోరు దగ్గర దాని ఓపిక అయిపోతుంది, తొమ్మిదో గోరు దగ్గర మనది. తొందరలోనే ఓసారి జిలేబికి గులాబీ గీత దాకా తెగింది. కార్న్‌ఫ్లోర్ అద్ది నొక్కిపట్టుకుంటే రెండు నిమిషాల్లో రక్తం ఆగింది. కానీ ఆ రెండు నిమిషాలూ నా చేతులు వణికాయి. అంత చిన్న ఒంట్లో మొత్తం రక్తం రెండు టీస్పూన్లకు మించదు. అందుకని ఇప్పుడు రోజుకి రెండే గోళ్లు. రెండు కత్తిరించాక మా వేలి కొనకు కాస్త పెరుగు రాసి నాకనిస్తాం. వారం తిరిగేసరికి పద్నాలుగూ అయిపోతాయి. మూడో నెలకల్లా జిలేబి సంచిలోంచి తనే ముక్కు బయటపెట్టి పెరుగు ఎక్కడా అని వెతకడం మొదలుపెట్టింది. కాజా సంగతి వేరు, వాడికి ఇప్పటికీ నచ్చదు.

ఇక శాండ్‌పేపర్ చక్రం. రాత్రంతా ఇవి చక్రంలో పరిగెడతాయి కదా, ఆ చక్రం లోపలివైపు గరుకు పట్టీ అతికిస్తే గోళ్లు వాటంతటవే అరుగుతాయని లెక్క. వినడానికి ఇంతకంటే హాయైన మార్గం లేదు, మనం ముట్టుకునే పనే ఉండదు. బద్ధకస్తుణ్ని కాబట్టి నేను వెంటనే కొన్నాను. గోళ్లు నిజంగానే మొద్దుబారాయి. కానీ పట్టీని పది రోజులు తియ్యకుండా ఉంచేశాం. జిలేబికి పరుగు పిచ్చి. ఒకరోజు అరికాళ్లు చూస్తే ఎర్రగా కందిపోయి ఉన్నాయి. పైగా ఇవి పరిగెడుతూనే ఉచ్చ పోస్తాయి, అది పట్టీలో ఇంకుతుంది. పచ్చి అరికాలు, దానికింద ఉచ్చతో నానిన గరుకు కాగితం. చూస్తూ చూస్తూ ఎలా ఉంచుతాం? కాజాది ఇంకో రకం సమస్య, వాడు చక్రమే ఎక్కడు. కాబట్టి పరుగు పిచ్చి ఉన్నదానికి అరికాళ్లు అరిగాయి, గోళ్లు పెరిగినవాడికి అవి అరగనేలేదు.

అయినా పట్టీని పారెయ్యలేదు. ఇప్పుడు వారానికి రెండు రాత్రులు పెట్టి, పొద్దున్నే తీసి కడిగి ఆరబెడతాం. దానివల్ల జిలేబికి కట్టర్ పని మూడు వారాలకు బదులు ఐదు వారాలకోసారి పడుతోంది. చక్రం కొనేటప్పుడు మధ్యలో ఇరుసు లేనిది చూసుకోండి. ఇరుసు ఉంటే తోక చుట్టుకుంటుంది.

మూడోది డాక్టర్. కుక్కల్ని, పిల్లుల్ని చూసే అన్ని క్లినిక్‌లూ వీటిని చూడవు, ఎగ్జాటిక్ జంతువులను, అంటే కుక్క, పిల్లి లాంటివి కాని అరుదైన పెంపుడు జంతువులను చూసేవాళ్లే కావాలి. హైదరాబాద్‌లో వీటిని పెంచేవాళ్లూ ముందు అలాంటి డాక్టర్‌ని వెతికిపెట్టుకుని, ఆ తర్వాతే జంతువుని ఇంటికి తెచ్చుకోవడం నయం. చాలాచోట్ల చిన్న మాస్కు పెట్టి ఐసోఫ్లూరేన్ అనే మత్తు గ్యాస్ ఇస్తారు, నిద్రపోయాక టకటకా కత్తిరిస్తారు. కొన్ని నిమిషాల్లో లేచి కూర్చుంటుంది. అదే నిద్రలో పళ్లు, ఒళ్లు, తోక అన్నీ చూసేస్తారు, అది అసలు లాభం. కానీ మూడు వారాలకోసారి గోళ్ల కోసం మత్తు ఇప్పించడం నాకు సబబుగా తోచదు. ఎంత చిన్న మత్తైనా మత్తే కదా. మొదటిసారి వెళ్లి, మత్తు లేకుండా ఎలా పట్టుకోవాలో డాక్టర్ చేత చేయించి చూసి నేర్చుకోవడానికైతే మాత్రం ఆ ఫీజు ఊరికే పోదు. మేం ఆ పని ఆరు నెలలు ఆలస్యంగా చేశాం. ఛాతీ నొక్కిపట్టకూడదని, ఊపిరి ఆడేది అక్కడేనని, దవడ వెనక రెండు వేళ్లతో తేలిగ్గా ఆపితే చాలని ఆ డాక్టరమ్మ చూపిస్తే గానీ తెలియలేదు. తోక పట్టుకుని లాగడం మాత్రం ఎప్పుడూ వద్దు, తోక మీది చర్మం ఊడొస్తుంది. ఎలకలకు చేసినట్టు పళ్లు కూడా కత్తిరించాలా అని కొందరు అడుగుతారు. వద్దు. వీటి పళ్లు ఎలక పళ్లలా పెరుగుతూ ఉండవు, కత్తిరిస్తే పోయినట్టే.

బ్యాటరీతో తిరిగే గోళ్ల ఆకురాయి గురించి ఒక్క మాట: ఆ చప్పుడుకి మా రెండూ మూడు రోజులు సంచి దిగలేదు.

చేతికి తోలు గ్లవ్స్ తొడుక్కుంటే కరిచినా నొప్పి ఉండదని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. నిజమే, మనకి నొప్పి ఉండదు. కానీ ఎంత గట్టిగా నొక్కుతున్నామో కూడా మనకి తెలియదు. పైగా అంత పెద్ద చెయ్యి లోపలికి వస్తుంటే దానికది ఏదో పక్షి కాలులా కనిపిస్తుంది కాబోలు, మరింత అరుస్తుంది. వట్టి చెయ్యి, మధ్యలో ఫ్లీస్ గుడ్డ, అంతే. కరిస్తే చెయ్యి వెనక్కి లాక్కోవద్దు. లాక్కుంటే, తను కరిస్తే చెయ్యి వెళ్లిపోతుందని అది నేర్చుకుంటుంది. చెప్పడం తేలికే, కింది పళ్లు రెండూ దిగినప్పుడు నేనూ లాక్కున్నాను. మచ్చిక చేసుకోవడం, ఆడించడం రాత్రి తొమ్మిది తర్వాత, గది తలుపులు మూసి. గోళ్లు మాత్రం పగలు. ఈ రెండు పనులూ ఒకే టైమ్‌లో పెట్టుకుంటే ఆడుకోవడానికి చెయ్యి చాపినా గోళ్ల కోసమే అనుకుంటుంది.

వాసన సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మా అత్తగారు విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు ముక్కు మూసుకుని "అల్లుడుగారూ, వీటికి కాస్త కుంకుడురసంతో తలంటకూడదా?" అన్నారు. కుంకుడురసమే కాదు, ఏ స్నానమూ కూడదు. ఉమ్ముతో తడుపుకుని, ఆ వెనక కాలి దువ్వెనతో అవే శుభ్రం చేసుకుంటాయి. తడిస్తే ఇంత చిన్న ఒంట్లో వేడి నిలవదు, బొచ్చు మీది నూనె పోతుంది. ఒంటికి ఏదైనా అంటుకుంటే గోరువెచ్చని నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో ఆ మేరకు తుడిస్తే సరి. వాసన వచ్చేది ఎక్కువగా మగదాని నుంచి. కాజా నుదుటి మీద బొచ్చు లేని ఒక చుక్క ఉండేది, అది గ్రంథి, దాన్ని జిలేబి మెడకి, సంచికి, నా చొక్కాకి రుద్దేవాడు. సంచులన్నీ ఒకేసారి సువాసన సబ్బుతో ఉతికాం. తన వాసన పోయిందని వాడు రెట్టింపు రుద్దాడు. ఇప్పుడు వాసన లేని సబ్బుతో, ఈ వారం సగం సంచులు, వచ్చేవారం మిగతా సగం. అసలు తేడా వచ్చింది మాత్రం కాజాకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాక. కొన్ని వారాలకి నుదుటి మీద బొచ్చు మొలిచింది, వాసన చాలావరకు తగ్గింది. మత్తు ఇప్పించాల్సి వస్తే ఇలాంటి పనికి ఇప్పించాలి. ఆ రోజే గోళ్లూ తీయించేశాం.

ఇంట్లో ఇద్దరు మనుషులుండి, రోజుకి ఐదు నిమిషాలు కూర్చోగలిగితే కట్టరే మేలు. ఒక్కరే ఉంటూ, గ్లైడర్‌కి పరుగు పిచ్చి ఉంటే, పట్టీతో సగం పని, కట్టర్‌తో సగం పని. రోజూ అరికాళ్లు చూడగలిగితేనే పట్టీ పెట్టండి. వయసు మీదపడినదో, జబ్బుపడినదో, ముట్టుకుంటే తన ఒళ్లు తనే కొరుక్కునేంత బెదిరినదో అయితే డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లండి, అక్కడ గోళ్లకంటే ముందు ఎందుకలా బెదిరిందో చూస్తారు.

మా ఆవిడ ఇది చదివి, కాజాకి ఎడమ వెనక కాలు ఇంకా మిగిలే ఉందని గుర్తుచేసింది. ఫ్రిజ్‌లో పెరుగు ఉంది, చూస్తాను.