పుంటో: పదేళ్లయినా ఆ స్టీరింగ్ కోసమే ఉంచుకున్నా

నాది 2013 మోడల్ ఫియట్ పుంటో, 1.3 డీజిల్. 2015లో సెకండ్ హ్యాండ్‌లో 38 వేల కిలోమీటర్ల దగ్గర తీసుకున్నా, ఇప్పుడు లక్షా 62 వేలు దాటింది. ఇంజిన్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు, స్విఫ్ట్‌లో, ఇండికా విస్టాలో ఉన్న 1248 సీసీ ఇంజినే ఇదీ, ప్రతి ఊళ్ళో దాని గుట్టు తెలిసిన మెకానిక్ ఒకడుంటాడు. మైలేజీ, డిక్కీ, ఏసీ కూడా వదిలేస్తున్నా. నేను రాయాలనుకున్నది ఒక్క స్టీరింగ్ గురించే.

ఇది హైడ్రాలిక్ స్టీరింగ్. ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు, ఆ ఆయిల్ ప్రెషర్ సాయంతో ర్యాక్ (ముందు చక్రాల్ని తిప్పే కడ్డీ) పక్కకి జరుగుతుంది, మధ్యలో కరెంటు మోటార్ లేదు. ఇప్పుడొచ్చే బండ్లలో దాదాపు అన్నిట్లో ఎలక్ట్రిక్ స్టీరింగే, వేలితో తిప్పినా తిరుగుతుంది, కాదనను. కానీ పుంటోలో కూర్చుంటే రోడ్డు చేతికి తెలుస్తుంది. గరుకు తారు ఎక్కడ అయిపోయి నున్నటి సిమెంటు రోడ్డు ఎక్కడ మొదలైందో కళ్ళు మూసుకుని చెప్పొచ్చు (మూయకండి).

మాది మార్కాపురం, ఉండేది హైదరాబాద్‌లో. నెలకోసారి ఊరెళ్తాం. మావాళ్ళు చాలామంది సాగర్, మాచర్ల, యర్రగొండపాలెం మీదుగా పోతారు, నేను మాత్రం శ్రీశైలం మీదుగానే. మన్ననూరు దగ్గర అడవి గేటు పొద్దున ఆరింటికి తీస్తారు, ఆ టైమ్‌కి అక్కడుండేలా మూడున్నరకే ఇంట్లోంచి బయల్దేరతా. దోమలపెంట దాటి డ్యామ్ దాకా దిగడం, మళ్ళీ సుండిపెంటకి ఎక్కడం, అక్కణ్ణించి శిఖరం (శిఖరేశ్వర స్వామి గుడి ఉన్న చోటు) మీదుగా దోర్నాల దాకా అడవిలో మలుపులు. ఈ దారి కోసమే ఈ బండి చేసినట్టుంటుంది నాకు.

ఒక ఆగస్టులో రాత్రంతా వాన పడి ఆగింది. శిఖరం దాటాక ఎడమ మలుపు, కొండ మీంచి కొట్టుకొచ్చిన ఎర్రమన్ను పల్చగా రోడ్డు మీద పరుచుకుని ఉంది, తడిసిన తారు రంగులో కలిసిపోయి కంటికి ఆనలేదు. సగం మలుపులో ఉండగా చేతిలో స్టీరింగ్ బరువు ఒక్కసారి తగ్గింది, అంటే ముందు టైర్ల పట్టు పోతోందని. యాక్సిలరేటర్ మీంచి కాలు ఎత్తేశా, స్టీరింగ్ ఇంకా తిప్పకుండా అలాగే పట్టుకున్నా, రెండు క్షణాల్లో మళ్ళీ బరువెక్కింది, బండి దాని లైన్లోకి అదే వచ్చింది. పక్కన మా ఆవిడ ఫోన్ చూసుకుంటోంది, ఆమెకసలు ఏం జరిగిందో తెలీదు. ఆ రోజు నుంచి ఈ బండి అమ్మే మాట ఎవరన్నా నేను విన్లేదు.

ఇక రిపేరు సంగతి. 2021లో, లక్షా పది వేల దగ్గర, బయట షెడ్డులో సర్వీస్ చేయించా. ఎప్పుడూ దగ్గరుండి చేయించేవాణ్ణి, ఆ రోజు ఆఫీస్ కాల్ ఉండి వదిలేసి వచ్చా. మూడు వారాల తర్వాత ఊరెళ్తుంటే డ్యామ్ దగ్గర స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ముందు నుంచి ఊ... అని మూలుగు. బెల్టు అనుకున్నా. శిఖరం దాటి దిగుతుంటే స్టీరింగ్ పవర్ పోయింది, పూర్తిగా కాదు, ఉండుండి పట్టేది, ఉండుండి వదిలేది, అదే ఇంకా ప్రమాదం. పవర్ పోయినా చక్రాలకి కనెక్షన్ అలాగే ఉంటుంది కాబట్టి బండి తిరుగుతుంది, కాకపోతే బలమంతా మనమే పెట్టాలి. వెనక అమ్మ ఉంది, మాట్లాడకుండా ముందు సీటు పట్టుకుని కూర్చుంది. రెండో గేర్లో, ప్రతి మలుపుకీ భుజంతో లాగుతూ దోర్నాల చేరేసరికి చొక్కా మొత్తం తడిసిపోయింది.

దోర్నాలలో ట్రాక్టర్లు చేసే ఒకాయన బానెట్ ఎత్తి స్టీరింగ్ ఆయిల్ డబ్బా మూత తీశాడు. వేలు ముంచి రెండు వేళ్ళ మధ్య రాశాడు, వాసన చూశాడు, తర్వాత బీడీ కట్ట కాగితం మీద ఒక చుక్క వేసి నాకు చూపించాడు. "ఎర్రగుండాల గదన్నా ఇది, ఎవురో బ్రేక్ ఆయిల్ పోసినారు చూడు" అన్నాడు. షెడ్డులో ఎవరో లెవల్ తగ్గిందని పక్కనున్న డబ్బా ఎత్తి పోసేశారు. బ్రేక్ ఆయిల్ పడితే స్టీరింగ్‌లో ఉండే రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడైపోతాయి, పంపూ ర్యాక్ రెండూ లీకే. ఉన్న ఆయిల్ మొత్తం తీసేసి కొత్తది పోసి, ఇంటికి మాత్రం చేరతావు, మెల్లగా పో అన్నాడు. వంద రూపాయలు తీసుకున్నాడు. ఐదొందలు ఇవ్వబోతే తీసుకోలేదు, ఆయిల్ డబ్బులు మాత్రం విడిగా లెక్క కట్టి తీసుకున్నాడు.

పంపు వారంలో దొరికింది. ర్యాక్ దొరకలేదు. ఫియట్ ఇక్కడ కార్లు అమ్మడం మానేసి అప్పటికే కొన్నేళ్ళయింది, ఇంజిన్ సామాన్లు ఎక్కడైనా దొరుకుతాయి గానీ ఇలాంటివి వెతుక్కోవాలి. చివరికి పాత ర్యాక్‌నే సీల్ కిట్ వేసి రీకండిషన్ చేయించా, మొత్తం 21 వేలు, ఐదు వారాలు బండి మార్కాపురంలో వేపచెట్టు కింద. ఊరికొక మెకానిక్ అని పైన రాశా కదా, అది ఇంజిన్ వరకే అని చదువుకోండి.

ఇంకో మాట కూడా సరిచేయాలి. రీకండిషన్ తర్వాత స్టీరింగ్ మధ్యలో ఒక సన్నటి ఆట (లూజు) వచ్చింది, నూటికి తొంభై వంతులు పాత ఫీలే, పది పోయింది. అమీర్‌పేటలో పార్కింగ్ చేయాలంటే బరువే, మొదటి రోజు నుంచీ బరువే. మా తమ్ముడికి భుజం నొప్పి, వాడు ఈ బండి ముట్టుకోడు. వాడి కొత్త బండి నేనూ నడిపా, సిటీలో హాయి, ఘాట్‌లో మాత్రం మలుపు అయిపోయాక గానీ ఏం జరిగిందో తెలీదు. అన్ని ఎలక్ట్రిక్ స్టీరింగ్‌లూ అలాగే ఉంటాయని అనను, నేను నడిపినవి నాలుగో ఐదో.

నాకు బాధ ఏంటంటే ఈ మధ్య ఎవరు బండి కొన్నా మొదట అడిగేది సన్‌రూఫ్ ఉందా, స్క్రీన్ ఎంత పెద్దది అని. షోరూం ముందు రెండు రౌండ్లు వేసి బుక్ చేసేస్తున్నారు. పదేళ్ళు చేతిలో ఉండేది స్టీరింగే కదా, ఒక మంచి మలుపున్న రోడ్డు మీద అరగంట నడిపి చూడండి.

ఇప్పుడు పాత పుంటో కొనొచ్చా అని అడుగుతారు. నాకు వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచే పని, ఇంట్లో ఇంకో స్కూటర్ ఉంది, బండి ఐదు వారాలు ఆగినా గడిచిపోయింది. రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి పోయేవాళ్ళకి మాత్రం వద్దనే చెప్తా. కొనాలనే ఉంటే ముందు స్టీరింగ్ ఆయిల్ మూత తీసి రంగు చూడండి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి మూలుగు ఉందేమో వినండి. నా బండికి 2028లో ఆర్‌సీ పదిహేనేళ్ళు నిండుతుంది, ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్ చేయిద్దామనే ఉంది, అప్పటికి ర్యాక్ ఎలా ఉంటుందో చూడాలి. ఎవరి దగ్గరైనా మంచి ర్యాక్ ఉంటే చెప్పండి, వచ్చి తీసుకెళ్తా.