బోడియం కోట: వంతెన ఎక్కే ముందు పడమటి గట్టుకు వెళ్లండి

ఇంగ్లండ్‌లోని ఈస్ట్ ససెక్స్‌లో ఉన్న బోడియం కోటకు వెళ్తే నేరుగా వంతెన ఎక్కేయకండి. ఉత్తరపు గట్టు నుంచి తిన్నగా గుమ్మానికి చేరే ఇప్పటి వంతెన తర్వాతి కాలానిది. 1385లో ఇంగ్లండ్ రాజు రెండో రిచర్డ్ అనుమతితో ఎడ్వర్డ్ డాలింగ్రిగ్ అనే యోధుడు కోట కట్టించినప్పటి దారి వేరు. అది అర్థం కావాలంటే ముందు పడమటి గట్టున నిలబడాలి.

అక్కడి నుంచి పొడవాటి చెక్క వంతెన కందకం మీదుగా ఎనిమిది పలకల రాతి దిమ్మ దాకా వచ్చేది. ఆ దిమ్మ ఇప్పటికీ ఉంది. దాని దగ్గర కుడివైపు తిరిగితే ముందు కాపలా గుమ్మం, తర్వాత సింహద్వారం. మధ్యలో పైకి లేపే వంతెనలు ఉండేవి, అవి లేపేస్తే కింద నీళ్లే. పొడుగు వంతెన మీద నడిచేవాడికి కోట కుడిచేతి వైపు వస్తుంది. డాలు ఉండేది ఎడమ చేతికి. అంటే గోడ మీది విలుకాడికి వాడు పూర్తిగా దొరికిపోయినట్టే! 1970 తవ్వకాల్లో ఈ వంతెన ఓక్ దుంగలు బయటపడ్డాయి. గాలి తగలని బురదలో ఉండబట్టే ఆ చెక్క అన్ని వందల ఏళ్లు పుచ్చిపోలేదు.

కందకం నీళ్లు తోడించి కోటను బాగుచేయించింది ఎవరో కాదు, మన వైస్రాయ్ కర్జన్. ఆయన చేసిన బెంగాల్ విభజన వల్లే వందేమాతరం ఉద్యమం రాజమండ్రి దాకా రగిలింది. 1925లో ఆయన పోయాక కోట పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వచ్చింది. ఆ చరిత్ర తెలిసిన మనకు ఆ గోడల మధ్య మనసు ఒకలా ఉండదు.

సింహద్వారంలో తలెత్తి చూడండి. పైనుంచి దించే పాతకాలపు చెక్క అడ్డుతలుపు, ఇనుప రేకులతో సహా, అలాగే ఉంది. నాకు కోట మొత్తంలో బాగా నచ్చింది అదే. బురుజుల మెట్లు ఇరుకు, మెలికలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కందకం చుట్టూ నడక చాలు.

లండన్ చేరింగ్ క్రాస్ నుంచి రాబర్ట్స్‌బ్రిడ్జ్ దాకా రైలుంది. అక్కడి నుంచి టాక్సీ ముందే మాట్లాడుకోండి. పిల్లలుంటే టెంటర్‌డెన్ నుంచి ఆవిరి రైల్లో రండి. అది రోజూ నడవదు, తేదీలు చూసుకోవాలి. బసకు రై ఊరు అందంగా ఉంటుంది కానీ రాళ్లు పరిచిన వీధుల్లో సూట్‌కేసు లాగడం నరకం. మేం దిగిన చోట లిఫ్ట్ లేదని వెళ్లాకే చెప్పారు. అమ్మానాన్నలతో వెళ్తే గది కింది అంతస్తులోనే కావాలని బుకింగ్‌లోనే అడగండి.