బొర్రా గుహలు స్టేషన్ రివ్యూ (గుహలది కాదు, స్టేషన్‌దే)

బొర్రా గుహలకి రివ్యూలు బోలెడున్నాయి గానీ ఆ స్టేషన్ గురించి ఎవరూ రాయరు, నాకైతే గుహల కన్నా స్టేషనే ఎక్కువ నచ్చింది, నవ్వుకుంటే నవ్వుకోండి. వైజాగ్‌లో పొద్దున్నే అరకు మీదుగా ఛత్తీస్‌గఢ్ పోయే కిరండూల్ బండెక్కి కుడిపక్క కిటికీ పట్టుకోండి, ఎస్.కోట, బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది, ఇక సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలూ పెద్దలూ తేడా లేకుండా ఒకటే కేకలు. 2017లో తెచ్చిన విస్టాడోమ్ అద్దాల పెట్టె బాగానే ఉంటుంది కానీ నా ఓటు మామూలు పెట్టెకే, మొహానికి చల్లగాలి తగలకుండా ఘాట్ ఎక్కడం ఎందుకండీ!

దిగగానే అందరూ జీపుల మీద పడతారు, మీరు మాత్రం కాసేపు ప్లాట్‌ఫాం మీదే ఉండండి. బండి వెళ్ళిపోయాక చుట్టూ కొండలు, మబ్బు, కోతులు, అంతే. అదృష్టం ఉంటే ఖనిజం గూడ్స్ దిగుతుంది చూడండి, రెండు మూడు ఇంజన్లు కలిపి అంత బరువుని ఆపుకుంటూ మెల్లగా దిగుతుంటే వ్యాగన్లు అయిపోవు ఎంతకీ. అసలు ఈ లైన్ 1960లలో వేసిందే ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిల్లా గనుల ఇనుప ఖనిజం వైజాగ్ పోర్టుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి, మనలాంటి టూరిస్టులు తర్వాత వచ్చి చేరినవాళ్ళం. అందుకే ఎదురుగా వచ్చే గూడ్స్‌కి దారివ్వాలని, క్రాసింగ్ అంటూ పాసింజర్ బండి ఎక్కడైనా ఆగిపోవచ్చు, సాయంత్రం వైజాగ్ చేరి అదే రాత్రి ఇంకో రైలు పట్టుకుందాం అని మాత్రం ప్లాన్ వేసుకోకండి.

గుహలకి నడిచే వెళ్ళొచ్చు. రైలు పట్టాలు ఆ గుహల మీదుగానే పోతాయి, లోపల తిరిగేటప్పుడు అది గుర్తొస్తే భలే ఉంటుంది.

తిండి సంగతికొస్తే స్టేషన్‌లో పెద్దగా ఆశ పెట్టుకోవద్దు, సీజన్‌లో సీతాఫలాలు తెచ్చి అమ్ముతారు, అవి మాత్రం వదలకండి. బొంగు చికెన్ గుహల బయట కొట్లలో దొరుకుతుంది, అయితే మన కళ్ళ ముందు నిప్పుల మీంచి తీసి బొంగు చీల్చి అడ్డాకులో పెడితేనే తినండి, ముందే తీసి పెట్టింది ఇస్తే ముక్క పీచులా ఉంటుంది, డబ్బులు దండగ. క్యాష్ కొంచెం దగ్గరుంచుకోండి, ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకుంటే కష్టం.

టైం మిగిలితే అరకు వైపు శిమిలిగూడ స్టేషన్ దాకా కూడా వెళ్ళండి, సముద్రమట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తులో ఉంది, చలికాలం అయితే స్వెటర్ తప్పనిసరి.

ఐదుకి నాలుగున్నర. అర మార్కు కోతులకి కోత, చేతిలో బిస్కెట్ ప్యాకెట్ కనిపిస్తే ఊరుకోవు.