కండక్టరు లేని ఊళ్ళో ఒక కండక్టరు: వియన్నా రవాణాకు నా మార్కులు

ముందే మార్కులు చెప్పేస్తాను: ఐదుకు నాలుగున్నర. ఆ అర మార్కు ఎందుకు కోశానో తర్వాత చెబుతాను. ఉద్యోగ జీవితమంతా విజయవాడ సిటీ బస్సుల్లో కండక్టరుగా గడిపినవాణ్ణి కనుక ఎక్కడ బస్సెక్కినా నా చూపు సీటు మీదికి కాదు, టికెట్టు వ్యవహారం మీదికి పోతుంది. 2024లో మా అమ్మాయి దగ్గరికి ఆస్ట్రియా వెళ్ళినప్పుడు వియన్నాలో నేను చూసిందీ అదే. అక్కడి రాజభవనాల గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ భవనాల దాకా తక్కువ ఖర్చులో ఎలా చేరాలో నేను రాస్తాను.

బయలుదేరే ముందు గవర్నర్‌పేటలో ఒక ట్రావెల్ ఆఫీసుకు వెళ్ళాం. "సిటీ టూరు ప్యాకేజీ తీసుకోండి సార్, మీ వయసులో అక్కడి బస్సులూ రైళ్ళూ అర్థం చేసుకోవడం కష్టం" అన్నాడు అక్కడి కుర్రాడు. సాయంత్రం ఆరింటికి బెంజ్ సర్కిల్‌లో నిలువుకాళ్ళ మీద నిండిన బస్సులో, ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా టికెట్లు కొట్టుకుంటూ నడిచినవాడికి బస్సు అర్థం కాదట! ప్యాకేజీ తీసుకోలేదు. తీసుకోకపోవడమే మంచిదైంది.

వియన్నా నగరమంతా ఒకటే జోను. స్టేజీలు లేవు, దూరాన్ని బట్టి ఛార్జీ లేదు. ఒక టికెట్టు కొంటే మెట్రో, ట్రాము, బస్సు, నగరం లోపల తిరిగే లోకల్ రైలు, అన్నింటికీ అదే చెల్లుతుంది. మేము వెళ్ళినప్పుడు ఒక్క ప్రయాణానికి 2.40 యూరోలు, 24 గంటల టికెట్టు 8 యూరోలు, 72 గంటలది 17.10. విచిత్రం ఏమిటంటే వారం పాసు ధర కూడా అదే 17.10. మూడు రోజులకూ అంతే, వారానికీ అంతే. దాంట్లో ఒక మెలిక ఉంది. వారం పాసు సోమవారం మొదలై మరుసటి సోమవారం ఉదయం 9 గంటలకు ముగిసిపోయేది. మధ్యలో ఏ రోజు కొన్నా గడువు అదే. సోమవారం కొన్నవాడికి పండగ, శుక్రవారం కొన్నవాడికి దండగ. మా అమ్మాయి ఇది ముందే చెప్పడంతో సోమవారం పొద్దున్నే వీధి చివర సిగరెట్లూ పత్రికలూ అమ్మే కొట్టులో రెండు పాసులు కొన్నాం. యూరో అప్పట్లో 90 రూపాయల చుట్టూ ఉండేది, అంటే మనిషికి పదిహేను వందల పైచిలుకు. పాసు మీద పేరు లేదు, ఫొటో లేదు. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది.

ఇవి పాత లెక్కలు. 2026 జనవరి నుంచి ధరలు పెంచారు, టికెట్ల వరస కూడా మార్చారు. ఆ సోమవారం మెలిక పోయింది. ఇప్పుడు ఏ రోజు మొదలుపెట్టినా ఏడు రోజులు చెల్లే టికెట్టు వచ్చింది. కాగితం టికెట్టు కన్నా ఫోనులో కొంటే కొంచెం చవక. వెళ్ళేవాళ్ళు కొత్త ధరలు చూసుకుని వెళ్ళండి. ధర ఎంతైనా పద్ధతి మాత్రం అదే: నాలుగు చోట్ల తిరగాలనుకుంటే విడి టికెట్ల జోలికి పోవద్దు, రోజుల లెక్కన కొనండి.

ఇప్పుడు నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి. మెట్రో స్టేషన్‌లో గేటు లేదు. కార్డు తాకిస్తే తెరుచుకునే తలుపు లేదు, కాపలా మనిషి లేడు. మెట్ల దగ్గర చిన్న నీలం పెట్టె ఒకటి ఉంటుంది. గంటల లెక్కన చెల్లే టికెట్టును మొదటిసారి ఎక్కే ముందు దాంట్లో దూర్చితే టక్కున శబ్దం చేసి తేదీ, సమయం అచ్చు వేస్తుంది. అంతే, ఇక గడువు తీరేదాకా దాన్ని ఎవరికీ చూపించనక్కర్లేదు. మా వారం పాసుకు ఆ ముద్ర కూడా అవసరం లేదు. పాతరోజుల్లో ట్రే, పంచు పట్టుకుని టికెట్లు చించినవాణ్ణి, తర్వాత టికెట్లు అచ్చు వేసే టిమ్ మిషన్ మెడకు వేసుకున్నవాణ్ణి. ఆ పెట్టె ముందు కాసేపు అలాగే నిలబడ్డాను. "ఏమండీ, మీ ఉద్యోగం చేసేది ఇదేనా?" అంది మా ఆవిడ.

అలాగని అడిగేవాళ్ళు లేరనుకోవద్దు. ఒకరోజు యు6 అనే మెట్రో లైనులో మామూలు చొక్కాలు వేసుకున్న ఇద్దరు ఎక్కారు. ఒకరు ముందు తలుపు నుంచి, ఒకరు వెనక తలుపు నుంచి. తలుపులు మూసుకున్నాకే బిళ్ళ బయటికి తీశారు. ఆ ఎక్కిన తీరు చూడగానే మా ఆవిడతో "చెకింగ్" అన్నాను. ఏ దేశమైనా స్క్వాడ్ నడక ఒకటే. గొంతు పెంచకుండా, ఎవరినీ తాకకుండా రెండు స్టేషన్ల లోపు పెట్టె మొత్తం చూసేశారు. టికెట్టు లేకపోతే జరిమానా అప్పట్లో 105 యూరోలు, ఇప్పుడు 135. విదేశీయుడినని చెప్పినా వదలరు.

కండక్టరు లేకుండా బండి ఎలా నడుస్తోందని మా అల్లుణ్ణి అడిగాను. కారణం సంవత్సరం పాసు అన్నాడు. 2012 నుంచి 2025 దాకా దాని ధర 365 యూరోలు. అంటే రోజుకు ఒక్క యూరో. ఆ ఊళ్ళో రిజిస్టరైన కార్ల కన్నా సంవత్సరం పాసులే ఎక్కువ. బస్సులో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది జేబులో పాసు ఉన్నప్పుడు టికెట్టు కొట్టడానికి ఒక మనిషిని పెట్టడం దండగ అని మా లెక్కల ప్రకారం నేనూ ఒప్పుకోవాలి. చిల్లర గొడవ లేకపోవడం ఇంకా పెద్ద సుఖం. మన దగ్గర మిగిలిన చిల్లర టికెట్టు వెనక రాసి ఇచ్చి, దిగేటప్పుడు ఇస్తామంటాం. ప్రయాణికుడు మరిచిపోతే మా మీద అనుమానం, మేము మరిచిపోతే మా మీద తగాదా.

ఇక చూడవలసినవి. టూరిస్టు బస్సు అక్కర్లేదు. పాత నగరం చుట్టూ ఉన్న రింగు రోడ్డు మీద ట్రాములు తిరుగుతాయి. ఒకప్పటి కోట గోడలను కూల్చమని 1857లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఆజ్ఞ ఇస్తే ఆ స్థలంలో వేసిన రోడ్డది. పార్లమెంటు, నగర సభ, ఒపేరా, మ్యూజియాలు అన్నీ దాని మీదే. ఒకే ట్రాము పూర్తి చుట్టు తిరగదు. 1వ నంబరు సగం, 2వ నంబరు సగం. ష్వేడెన్‌ప్లాట్స్ దగ్గర మారితే చుట్టు పూర్తవుతుంది. డి ట్రాము ఎక్కితే బెల్వెడేర్ భవనం ముందు దిగవచ్చు, క్లిమ్ట్ గీసిన ప్రసిద్ధమైన ముద్దు చిత్రం అక్కడే ఉంది. షోన్‌బ్రున్ రాజభవనానికి యు4 మెట్రో. లోపలికి టికెట్టు ఖరీదు కానీ తోటలో తిరగడం ఉచితం. మేము తోటతో సరిపెట్టుకున్నాం, ఏ లోటూ అనిపించలేదు. 71వ నంబరు ట్రాము సంగీతకారులు బీథోవెన్, షూబెర్ట్ సమాధులున్న శ్మశానానికి వెళుతుంది. 1918లో ఆ దారిన ట్రాములోనే శవాలను తీసుకెళ్ళారట. అది విన్నాక మా ఆవిడ ఆ ట్రాము ఎక్కనని కూర్చుంది.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఒక మాట. కొత్త రకం ట్రాములో అడుగు నేల నుంచి 20 సెంటీమీటర్లకు అటూఇటుగానే ఉంటుంది. మన ఇంటి అరుగు మెట్టు కన్నా తక్కువ. మన సిటీ బస్సు ఎక్కడానికి కడ్డీ పట్టుకుని మూలిగే మా ఆవిడ అక్కడ చేతిసంచీతో సహా చకచకా ఎక్కింది. పాత ట్రాములకు మాత్రం మెట్లుండేవి, అలాంటిది వస్తే వదిలేసి తర్వాతి దానికోసం ఆగేవాళ్ళం. ఇంకెన్ని నిమిషాలకు వస్తుందో స్టాపులో బోర్డు చూపిస్తుంది, అది చెప్పిన నిమిషానికే వస్తుంది. తలుపు దానంతటది తెరుచుకోదు, మీట నొక్కాలి.

నాకు అన్నిటికన్నా నచ్చింది 38ఎ బస్సు. యు4 మెట్రో చివరి స్టేషన్ హైలిగెన్‌స్టాట్ బయట ఆగి ఉంటుంది. ద్రాక్షతోటల గ్రిన్‌త్సింగ్ దాటాక రాళ్ళు పరిచిన ఘాట్ రోడ్డు మొదలవుతుంది. మామూలు సిటీ బస్సే, మామూలు సిటీ టికెట్టే, అదనంగా ఒక్క పైసా లేదు. నేను డ్రైవరు వెనక నిలబడ్డాను. మలుపుకు ముందే వేగం తగ్గించి, రాళ్ళ మీద బండి కుదుపు తెలియకుండా తిప్పుతున్నాడు. మంచి డ్రైవరు పక్కన పని చేసినవాళ్ళకే ఆ సుఖం తెలుస్తుంది. పైన 484 మీటర్ల కాలెన్‌బెర్గ్ కొండ. 1683లో తుర్కుల ముట్టడి నుంచి నగరాన్ని విడిపించిన సైన్యం దిగి వచ్చింది ఈ కొండ మీంచే. డాబా మీద నిలబడితే డాన్యూబ్ నది, ఊరంతా కాళ్ళ కింద కనిపిస్తాయి. ఇదే చోటుకు ప్యాకేజీ వాళ్ళయితే ఎంత అడిగేవారో!

మా ఆవిడ పులిహోర డబ్బా తెరిచింది కూడా అక్కడే. నిజానికి అంతకు గంట ముందే యు4లో మూత తీయబోయింది. "అమ్మా, వద్దు!" అని మా అమ్మాయి డబ్బా మీద చెయ్యి పెట్టేసింది. మెట్రోలో తినడం నిషేధం. 2018 సెప్టెంబరులో ముందు యు6లో మొదలుపెట్టి, 2019 జనవరి నుంచి అన్ని లైన్లకూ వర్తింపజేశారు. "ఇంగువ వాసన కూడా నేరమేనా?" అని మా ఆవిడ గొణిగింది. రైల్లో పొట్లం విప్పడం ప్రయాణంలో సగం అనుకునే మనకు ఇది కొంచెం కష్టమే కానీ పెట్టెలు శుభ్రంగా ఉండటం చూశాక నేను మాత్రం ఆ నియమం వైపే. నీళ్ళ సీసాలు కొనవద్దు. ఊళ్ళో కుళాయి నీళ్ళు ఆల్ప్స్ కొండల ఊటల నుంచి వస్తాయి, వీధుల్లో తాగునీటి కుళాయిలూ ఉన్నాయి. మరుగుదొడ్డికి మాత్రం చాలాచోట్ల నాణేలు కావాలి, చిల్లర దగ్గర ఉంచుకోండి.

పిల్లలతో వెళ్ళేవాళ్ళకు: ఆరేళ్ళ లోపు వాళ్ళకు టికెట్టు లేదు. 15 ఏళ్ళ లోపు పిల్లలకు ఆదివారాలు, పండగ సెలవులు, అక్కడి బడి సెలవుల్లో ఉచితం. శుక్ర, శనివారాల రాత్రి మెట్రో తెల్లవార్లూ నడుస్తుంది. యు5 ఎక్కడా అని వెతకొద్దు. 4 తర్వాత 6 ఉంది, 5 ఇంకా కడుతున్నారు.

ఇప్పుడు ఆ అర మార్కు. అడగడానికి మనిషి లేడు. డ్రైవరు అద్దం వెనక ఉంటాడు, స్టాపు పేర్లు జర్మన్‌లో వినిపిస్తాయి. మా అమ్మాయి ఆఫీసుకు వెళ్ళిన రోజు మేమిద్దరం ఒక పెద్ద స్టేషన్‌లో ఏ మెట్లు ఎక్కాలో తెలియక నిలబడ్డాం. పక్కన వాళ్ళను అడిగితే ఎంతో మర్యాదగా చెప్పారు, కాదనను. కానీ కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ఎక్కిన ముసలమ్మ "నాయనా, ఆసుపత్రి వస్తే చెప్పు" అని కళ్ళు మూసుకుంటుంది చూడండి, ఆ భరోసా ఏ బోర్డూ ఇవ్వలేదు. ఇది నా వృత్తి పక్షపాతం అనుకున్నా సరే, అర మార్కు కోస్తున్నాను.

ఈ సమీక్ష చదివి వినిపిస్తే మా ఆవిడ ఒక సవరణ చెప్పింది. 2025 ఆగస్టు 15 నుంచి మన సిటీ బస్సులో ఆమెకు గుర్తింపు కార్డు చూపిస్తే సున్నా టికెట్టు. "పదిహేడు యూరోలు చవక అని రాస్తారేమిటి?" అంది. సరే, మగవాళ్ళకు చవక.

చివరగా విమానాశ్రయం. దిగగానే ఆకుపచ్చ ఎక్స్‌ప్రెస్ రైలు బోర్డులే కంట పడతాయి. 16 నిమిషాల్లో నగర మధ్యకు చేరుస్తుంది కానీ ధర మామూలు రైలు కన్నా చాలా ఎక్కువ, పాసు చెల్లదు. ఎస్7 అనే లోకల్ రైలు కూడా అదే వీన్ మిట్టె స్టేషన్‌కు పోతుంది, ఇంకో పది నిమిషాలు ఎక్కువ పడుతుందంతే. విమానాశ్రయం నగర జోనుకు బయట ఉంది కనుక పాసున్నవాళ్ళు సరిహద్దు నుంచి ఆ మిగిలిన ముక్కకు మాత్రం చిన్న టికెట్టు కొంటే చాలు. మిషన్ తెరను ఇంగ్లీషుకు మార్చుకుని, పాసు ఉందని ఎంచుకోండి. ఛార్జీ దానంతటదే తగ్గించి చూపిస్తుంది.